చేవెళ్ల దారిలో చిన్న పాఠాలు

హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారి మొదట్లో, కొలువులో ఉన్నవాళ్లు చదువుకునే బడులు వరసగా ఉంటాయి. శివరాంపల్లిలో జాతీయ పోలీస్ అకాడమీ ఉంది. అది 1948లో మౌంట్ ఆబూలో పుట్టి 1975లో ఇక్కడికి వచ్చింది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1962 నాటి విస్తరణ విద్యా సంస్థ, 1976లో మొదలైన వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ, 1987లో ఏర్పడిన జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) ఉన్నాయి. 1958లో ముస్సోరీలో మొదలై ఆ తర్వాతి దశాబ్దంలో ఇటు మారిన గ్రామీణాభివృద్ధి సంస్థ కూడా అక్కడే. ఇంకాస్త ముందుకు పోతే హిమాయత్‌సాగర్ పక్కన 1986లో పెట్టిన రాష్ట్ర పోలీస్ అకాడమీ. బస్సు కండక్టర్ 'అప్పా' అని కేకేసే కూడలికి ఆ పేరు ఆ అకాడమీ ఇంగ్లిషు పొడి అక్షరాల వల్లే వచ్చింది.

ఈ బడుల చదువు ఆఖరికి ఎవరికి చేరాలో తెలియాలంటే అప్పా దాటి పోవాలి. అక్కడి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు. రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు, వాటి వెనక మొయినాబాద్, చేవెళ్ల మండలాల పొలాలు. మొయినాబాద్ మండలంలో పెద్ద మంగళారం ఉంది, చిన్న మంగళారమూ ఉంది. పెద్ద మంగళారం కొండా వెంకట రంగారెడ్డి పుట్టిన ఊరు. 1978లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. చిన్న మంగళారం పేరు చరిత్ర పుస్తకాల్లో అంతగా కనిపించదు. కానీ శిక్షణల చరిత్ర రాయాలంటే ఇలాంటి ఊరి వైపు నుంచే చూడాలి. ఎందుకంటే రాజేంద్రనగర్‌లో చెప్పిన పాఠం పనికొచ్చిందో లేదో తేలేది ఇక్కడి చెలకల్లోనే.

ఇటు వైపు పొలాలు ఇంతకాలం నిలవడానికి ఒక కారణం ఉంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలాంటిది జరగకుండా రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవే నగరానికి తాగునీరిచ్చాయి. ఆ నీళ్లు చెడిపోకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చి, 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలను ఆపేసింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు ఆ జాబితాలోనివే. పటాన్‌చెరు వైపు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీలు లేచాయి. ఇటు ఇంజినీరింగ్ కాలేజీలు, రిసార్టులు, ఫామ్‌హౌసులు వచ్చాయి. వాటి నడుమ కూరగాయల మడులు, పూల తోటలు మిగిలాయి. ఇక్కడ 'పని చేసే చోటు' అంటే చాలామందికి ఇంకా మట్టే.

ఇప్పుడు కంపెనీల్లో మైక్రోలెర్నింగ్ అనే మాట బాగా వినిపిస్తోంది. ఉద్యోగిని మూడు రోజులు హోటల్ హాల్లో కూర్చోబెట్టి ఊకదంపుడు ప్రసంగాలు వినిపించే బదులు, పని మధ్యలోనే ఐదు నిమిషాల పాఠం ఫోన్‌లో పెట్టడం దాని పద్ధతి. దాని వెనక శాస్త్రం ఉంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే, ఒక్కసారి చదివింది ఎంత త్వరగా మరుపున పడుతుందో తన మీదే ప్రయోగాలు చేసుకుని లెక్కగట్టాడు. విడతలు విడతలుగా చదివితే ఎక్కువ కాలం గుర్తుంటుందనీ చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం లేనివాళ్లను తొందరగా పనిలోకి దించాల్సి వచ్చినప్పుడు, 1940లో ఒక శిక్షణ పథకం పెట్టారు. అందులో పని నేర్పే మేస్త్రి నాలుగు మెట్లు పాటించాలి: నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయడం, పని చేసి చూపడం, అతని చేత చేయించడం, తర్వాత వచ్చి చూసుకోవడం. ఈ పద్ధతి నేర్పడానికి రెండేసి గంటల చొప్పున ఐదు తరగతులు సరిపోయాయి. 1945 నాటికి 16 లక్షల మందికి పైగా ఆ పథకం కింద సర్టిఫికెట్లు పొందారు.

చేవెళ్ల వైపు ఊళ్లలో ఈ నాలుగు మెట్లకు ముందు ఇంకో బడి ఉండేది. చెరువు తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో నీరడి తన తండ్రి వెంట తిరిగి నేర్చుకున్నాడు. పహాణీ ఎలా రాయాలో పట్వారీ కొడుకు ఇంట్లోనే నేర్చుకున్నాడు. పెద్ద రైతు దగ్గర జీతానికి కుదిరిన పిల్లవాడు దెబ్బలు తింటూ నాగలి పట్టడం నేర్చాడు. పని దగ్గరే చదువు, పని వేళే పాఠం. ఈ మాట వినడానికి బాగుంటుంది కానీ ఆ బడిలో ఎవరు చేరాలో పుట్టుకే నిర్ణయించేది. పట్వారీ లెక్క నీరడి కొడుక్కి ఎవరూ నేర్పలేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా భూమి కాగితాల చదువు కొన్ని ఇళ్ల గడప దాటలేదు. పాత పద్ధతుల్లో అన్నీ మంచే ఉన్నాయని చెప్పేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

ఆ గడప దాటించే పని స్వతంత్రం వచ్చాక మొదలైంది. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం వచ్చింది. మరుసటి ఏడాది అదే తేదీన జాతీయ విస్తరణ సేవ వచ్చింది. వీటితో ఊళ్లలోకి గ్రామసేవక్ అనే కొత్త ఉద్యోగి అడుగుపెట్టాడు. సుమారు పది ఊళ్లకు ఒకడు. విత్తనం గురించి చెప్పాలి, పశువుల రోగం గురించి చెప్పాలి, పెంట గుంట తవ్వించాలి, రాత్రి బడి నడిపించాలి. అతనికి మొదట ఇచ్చిన శిక్షణ ఆరు నెలలు. అది చాలదని తేలి కొన్నేళ్లలో రెండేళ్లకు పెంచారు. అయినా ఇబ్బంది తీరలేదు. అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాడు ఒక్కదాంట్లో కూడా రైతు కన్నా ఎక్కువ తెలిసినవాడు కాలేకపోయాడు. రైతు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఎవర్ని అడగాలో గ్రామసేవక్‌కు చెప్పే ఏర్పాటూ సరిగా లేదు.

ఆ లోటు పూడ్చడానికే రాజేంద్రనగర్‌లో బడులు పెరిగాయి. ఉస్మానియా కింద 1946లో మొదలైన వ్యవసాయ కళాశాల, 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కలిసింది. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని ప్రారంభించారు. అధిక దిగుబడి వంగడాలు వస్తున్న రోజులవి. కొత్త వరి పాత వరి లాంటిది కాదు. ఎరువు ఏ రోజు వేయాలి, నీళ్లు ఎప్పుడు తీయాలి అన్నవి రోజుల లెక్కన చెప్పాల్సి వచ్చింది. ఏడాదికోసారి సభ పెట్టి చెప్తే సరిపోని చదువు అప్పుడు మొదలైంది.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఆకాశం నుంచీ పాఠాలు దిగాయి. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో టీవీ సెట్లు పెట్టారు. తెలుగు నేల మీద కొన్ని వెనకబడ్డ జిల్లాల ఊళ్లకు ఆ భాగ్యం దక్కింది. గుడి ముందో బడి ముందో తీగల వలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరంతా. సేద్యం, ఆరోగ్యం మీద కార్యక్రమాలు సాయంత్రం పూట వచ్చేవి. ఆ ప్రయోగంలో జనం అంతగా గుర్తుపెట్టుకోని భాగం ఒకటుంది. అదే ఉపగ్రహం వాడుకుని దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు వాళ్లు ఉన్న చోటనే శిక్షణ ఇచ్చారు. ఉద్యోగిని రాజధానికి రప్పించకుండా పాఠాన్ని అతని ఊరికి పంపడం మన దేశంలో అంత పెద్ద ఎత్తున అంతకు ముందు జరగలేదు.

చిన్న పాఠం అసలు రూపం మాత్రం ఇక్కడికి 1980ల మొదట్లో వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ బెనోర్ రూపొందించి, ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన 'శిక్షణ, సందర్శన' పద్ధతిని అందరూ టీ అండ్ వీ అనేవాళ్లు. దాని లెక్క కచ్చితమైనది. క్షేత్రస్థాయి ఉద్యోగి కింద ఉన్న రైతులను ఎనిమిది గుంపులు చేయాలి. పదిహేను రోజుల్లో ఒక్కో గుంపు దగ్గరికి ఒక్కో రోజు, ముందే చెప్పిన రోజున పోవాలి. ఆ పదిహేను రోజుల్లోనే ఒక రోజు తను శిక్షణకు వెళ్లాలి. అక్కడ విషయ నిపుణులు రాబోయే పక్షం రోజుల్లో పొలంలో జరగాల్సిన రెండు మూడు పనులు మాత్రమే నేర్పాలి, అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. ఆ నిపుణులు నెలకోసారి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కూర్చుని తమ పాఠం సరిచూసుకోవాలి. గ్రామసేవక్‌కు లేనిది ఇక్కడ దొరికింది: తెలియనిది అడగడానికి పదిహేను రోజులకోసారి ఒక మనిషి.

నలభై ఏళ్ల కిందటి ఈ ఏర్పాటులో ఇప్పటి మైక్రోలెర్నింగ్ సూత్రాలు దాదాపు అన్నీ ఉన్నాయి. పాఠం చిన్నది. నేర్చుకున్న వారంలోనే వాడేది. పక్షానికోసారి మళ్లీ వచ్చేది. ఏ మంగళవారం ఎవరు వస్తారో రైతుకు ముందే తెలుసు, రాకపోతే అడగొచ్చు. ఉద్యోగి మీద ఊరికి ఇంత పట్టు ఇచ్చిన పథకం అంతకు ముందు లేదు. ఈ మేలు ఒప్పుకోకుండా టీ అండ్ వీని తీసిపారేయడం తప్పు.

అయితే దానికో పెద్ద జబ్బు ఉంది. పాఠాన్ని ఎంచుకున్నది పొలం కాదు, పైవాళ్లు. కాలువ కింద వరికి రాసిన మాట చేవెళ్ల ఎర్ర చెలకల్లో జొన్న, కంది వేసినవాడికి పనికిరాలేదు. వానాకాలం ఆలస్యమైతే పాఠం ముందు నడిచింది, పంట వెనక పడింది. ఉద్యోగి అందర్నీ కలవలేడు కాబట్టి గుంపులో కొందర్ని 'కాంటాక్టు రైతు'లుగా ఎంచుకున్నాడు. వాళ్లు ఇంకొకరికి చెప్తారని అనుకున్నారు. ఎంపికైనవాళ్లు ఎక్కువగా భూమి ఉన్న మగవాళ్లు. కలుపు తీసేది, నాట్లు వేసేది, పూలు తెంపేది ఆడవాళ్లయినా వాళ్ల దాకా మాట రాలేదు. ఈ విమర్శ దేశమంతటా వచ్చింది. ప్రపంచ బ్యాంకు డబ్బు ఆగిపోయాక 1990ల్లో పద్ధతి కూడా వాడిపోయింది. ఆ దశాబ్దం నడుమ డెన్మార్క్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా రైతుల శిక్షణకు అంత్వా అనే పథకం వచ్చింది. ఊళ్లోనే, చిన్న గుంపులుగా, ఆడవాళ్లకు ఆడ అధికారులే నేర్పారు. అది మంచి పని. కానీ అందరి కోసం పెట్టిన పథకంలో ఆడవాళ్లకు చోటు లేదని ఒప్పుకున్నట్టే అయింది.

టీ అండ్ వీ తర్వాత వచ్చింది పొలంబడి. దీని పుట్టుక ఇండోనేషియాలో. సుడిదోమను చంపడానికి కొట్టిన మందులు సాలీళ్లను చంపి, దోమను ఇంకా పెంచాయని తెలిసి 1986లో ఆ దేశం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. రైతులకు మరో దారి చూపడానికి 1989లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో పొలంలోనే బడులు పెట్టింది. ఆ పద్ధతి తెలుగు నేలకు వచ్చి పొలంబడి అయింది.

పొలంబడి ఎలా నడిచేదో దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇంత మంచి పాఠ్య ప్రణాళిక మన కాలేజీల్లో కూడా అరుదు. పాతిక ముప్పై మంది రైతులు. వారానికి ఒక పూట, పంట కాలమంతా. పొద్దున్నే నలుగురైదుగురు చొప్పున గట్టు దిగి మడిలోకి పోతారు. ఏవో కొన్ని దుబ్బులు ఎంచుకుని మొదలును తట్టి చూస్తారు. నీళ్ల మీద పడ్డ దోమల్ని లెక్కపెడతారు. సాలీళ్లు ఎన్ని, అక్షింతల పురుగులు ఎన్ని, ఆకు రంగు ఎలా ఉంది, నీళ్లు ఎంత ఉన్నాయి అని చూసుకుంటారు. చెట్టు కిందికి వచ్చి పెద్ద చార్టు పరుస్తారు. మధ్యలో మొక్క బొమ్మ, ఒక పక్క పంటను తినే పురుగులు, మరో పక్క ఆ పురుగుల్ని తినేవి, పైన సూర్యుడో మబ్బో. శత్రు పురుగులు, మిత్ర పురుగులు అన్న మాటలు ఇక్కడి నుంచే ఊళ్ల నోళ్లలోకి వచ్చాయి. ఈ వారం మందు కొట్టాలా వద్దా అన్నది ఆ చార్టు చూసి వాళ్లే తేలుస్తారు. మిత్ర పురుగు అంటే నమ్మనివాడి కోసం ఒక సీసాలో సాలీడునూ దోమల్నీ వేసి, మూతికి వల గుడ్డ కట్టి, మర్నాడు తీసి చూపిస్తారు. ఎన్ని దోమలు మిగిలాయో లెక్కపెట్టేది నమ్మనివాడే.

ఇందులో ఉపన్యాసం లేదు. పాఠం ఏ వారం ఏది అన్నది పంట చెప్తుంది. టీ అండ్ వీకి దీనికి తేడా అక్కడే ఉంది. 2000ల్లో అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఇదే పద్ధతిని భూగర్భ జలాలకూ వాడారు. రైతులే వాన కొలిచారు, బోరులో నీటిమట్టం కొలిచారు. ఊరి గోడ మీద లెక్క రాసి, ఈ నీళ్లకు ఏ పంట సరిపోతుందో కూర్చుని మాట్లాడుకున్నారు. బోర్ల మీద బతికే మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లకు ఆ పాఠం అప్పుడు ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం.

అయినా ఎంతమందికి చేరింది? 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశమంతా రైతు కుటుంబాలను ఈ ప్రశ్న అడిగింది. కొత్త సేద్యం సంగతులు ఎక్కడి నుంచైనా తెలుసుకున్నామని చెప్పింది నూటికి 40 కుటుంబాలే. తోటి రైతుల నుంచి తెలుసుకున్నవాళ్లు 16.7 శాతం. విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణం నుంచి 13.1 శాతం. రేడియో నుంచి 13 శాతం. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి నుంచి 5.7 శాతం. అర్ధ శతాబ్దం శిక్షణ పొందిన ఉద్యోగి కన్నా, శిక్షణే లేని దుకాణదారు మాట రెట్టింపు ఇళ్లకు చేరింది.

ఆ దుకాణదారు చెప్పే మాట ఎంత ప్రాణాంతకం కాగలదో తెలంగాణకు అప్పటికే తెలుసు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిన్నప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. నకిలీ మందులు, అప్పుకు ఇచ్చిన మందులు, దుకాణంలో ఏది మిగిలితే అది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దుకాణదారుల్లో మంచివాళ్లూ ఉన్నారు. కానీ మంచివాడికి కూడా ఆకు మీద మచ్చ తెగులా, పోషక లోపమా అన్నది తెలియాలి కదా.

2003లోనే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ ఈ దుకాణదారుల కోసమే ఒక డిప్లొమా మొదలుపెట్టింది. దేశీ అని అందరూ పిలిచే కోర్సు అది. ఈ దారిలోని బడులన్నిటిలోకీ పనిచేసేవాడి బతుకును ఇంతగా పట్టించుకున్న కోర్సు మరొకటి లేదని చెప్పొచ్చు. దుకాణం మూస్తే వ్యాపారం పోతుంది కాబట్టి తరగతి ఆదివారమో, ఆ ఊరి సంత సెలవు రోజునో పెట్టారు. 48 వారాలు, 40 రోజులు తరగతి గదిలో, 8 రోజులు పొలాల్లో. ఒక బృందానికి 40 మంది. పాఠం చెప్పేది ఆ జిల్లా పంటలు తెలిసిన వ్యవసాయ శాస్త్రజ్ఞులు. సోమవారం పొద్దున రైతు ఆకును కవర్లో చుట్టి తెచ్చి కౌంటర్ మీద పెడితే, ఆదివారం విన్నది అప్పటికప్పుడే పరీక్షకు వస్తుంది. నేర్చుకోవడానికీ వాడటానికీ మధ్య ఒక్క రాత్రి. తర్వాతి కాలంలో కేంద్రం దీన్ని దేశమంతటికీ తీసుకుపోయింది, పురుగుమందుల లైసెన్సుకు చదువు తప్పనిసరి చేసింది.

జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇలాంటి లెక్కే వేశారు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో మొదలైన సంఘం రేడియో రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నడిచేది. ఆ వేళను ఎంచుకున్నది ఆ ఆడవాళ్లే. చేను నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టిన తర్వాత చెవులు ఖాళీగా ఉండే వేళ అది. మాట్లాడేదీ వాళ్లే, వాళ్ల యాసలోనే. 2010ల మొదట్లో డిజిటల్ గ్రీన్ సంస్థ, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కలిసి చేసిన వీడియోలు కూడా ఇదే బాట పట్టాయి. ఎనిమిది పది నిమిషాల వీడియో, అందులో కనిపించేది పక్క ఊరి రైతే. అరచేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో సంఘం మీటింగులో గోడ మీద వేస్తారు. మధ్యలో ఆపి, 'మన దగ్గర ఇట్ల చేస్తే ఏమైతది?' లాంటి ప్రశ్న ఎవరో ఒకరి చేత అడిగిస్తారు. అలా ఆపడమే ఆ పద్ధతికి ప్రాణం. ఆపకుండా నడిపిస్తే అది సినిమా.

మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు సేద్యం ఈలోగా మారిపోయింది. 2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ఇవ్వడంతో తెల్లటి ప్లాస్టిక్ కప్పులు చాలా లేచాయి. లోపల గులాబీలు, జెర్బెరాలు. పువ్వు గుడిమల్కాపూర్ మార్కెట్‌కో, పెళ్లి మండపానికో పోవాలి. ఒక్కసారి చెయ్యి తప్పితే పువ్వు ధర సగానికి పడిపోతుంది. ఇక్కడ పని నేర్చుకోవడం అంటే ఏమిటో చూడండి. జెర్బెరా పువ్వు మధ్యలో గుండ్రంగా కిక్కిరిసి ఉండే బుల్లి పువ్వుల్లో బయటి రెండు వరసలు విచ్చుకున్నాకే తెంపాలి. ముందే తెంపితే కాడ వాలిపోతుంది. కత్తెర పెట్టకూడదు, కాడను మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగాలి. కత్తిరిస్తే మిగిలిన మోడు కుళ్లి మొక్క మొదలుకు చేటు తెస్తుంది. గులాబీకి మాత్రం కత్తెరే కావాలి. మొగ్గ ఇంకా గట్టిగా ఉన్నప్పుడే, ఐదు చిన్నాకులున్న ఆకుకు పైన కోయాలి. అక్కడి నుంచే మళ్లీ చిగురు వస్తుంది. కోసిన వెంటనే బకెట్ నీళ్లలో నిలబెట్టాలి. పొద్దు ఎక్కకముందే ఇదంతా అయిపోవాలి.

ఈ పాఠం చెప్పేది ఎవరు? పక్క వరసలో పనిచేసే పాత మనిషి. 'అక్కా, ఇది తెంపాల్నా?' అని కొత్తగా వచ్చిన పిల్ల అడిగితే చెయ్యి చూపించి చెప్తుంది. తర్వాత ఆ పిల్ల బకెట్‌లోకి తొంగిచూసి సరిచేస్తుంది. అమెరికా ఫ్యాక్టరీల్లో నేర్పిన నాలుగు మెట్లూ ఇక్కడ ఎవరూ నేర్పకుండానే నడుస్తున్నాయి. నడవనిది ఒక్కటి: ఎందుకు అలా చేయాలో చెప్పడం. మందు కొట్టిన పాలీహౌస్‌లోకి ఎన్ని గంటల దాకా పోకూడదు, డ్రిప్పులో కలిపే ఆమ్లం చేతికి తగిలితే ఏం చేయాలి, డబ్బా మీది ఎర్ర త్రికోణానికీ నీలం త్రికోణానికీ తేడా ఏమిటి అన్నవి చూసి నేర్చుకునేవి కావు. ఎవరో చెప్పాలి. యజమానికో మేనేజర్‌కో శిక్షణ దొరుకుతుంది. రోజు కూలికి వచ్చే మనిషికి దొరకడం అరుదు. డెబ్బై ఏళ్ల చరిత్రలో మారనిది ఇదే, అందుకే ఇది అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు చదువు మళ్లీ ఊరి దగ్గరికి వచ్చింది. తెలంగాణలో 5,000 ఎకరాలకొక క్లస్టర్ చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. మొదటిది 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభమైంది. ఒక్కో క్లస్టర్‌కు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి. ఊళ్లలో ఏఈఓ సార్, ఏఈఓ మేడం. 2024 మార్చి 6న రైతు నేస్తం మొదలైంది. మంగళవారం మంగళవారం రైతు వేదికలో తెర మీద శాస్త్రవేత్తలు కనిపిస్తారు, రైతులు ప్రశ్నలు అడుగుతారు. టీ అండ్ వీ నాటి నిర్ణీత రోజు నలభై ఏళ్లకు వీడియో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. ఏఈఓలు నేర్చుకోవడానికీ ఫోన్ వచ్చింది: 2020 సెప్టెంబర్‌లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ప్రభుత్వ ఉద్యోగులు ఐగాట్ అనే ఆన్‌లైన్ వేదికలో చిన్న చిన్న కోర్సులు చేస్తున్నారు.

మంచి ఏర్పాటే. కానీ ఏఈఓ రోజులో పంటల నమోదుకు ఎంత పోతుంది, రైతు బీమా కాగితాలకు ఎంత పోతుంది, మిగిలిన పూట ఎంత అన్నది కూడా లెక్కవేయాలి. నిర్ణీత రోజు పొలంలో కనిపించాల్సిన ఉద్యోగి కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఎంత మంచి కోర్సు చేసినా దాన్ని వాడే చోటు అతనికి దొరకదు. చదువు పని దగ్గర జరగాలంటే ముందు ఉద్యోగికి ఆ పని చేసే తీరిక ఉండాలి.

ఇక ఆ మంగళవారం. అది పగటి వేళ నడుస్తుంది. సొంత పొలం ఉన్నవాడు ఒక పూట ఆపుకుని వెళ్లగలడు. చిన్న మంగళారం లాంటి ఊళ్లలో తోటలకు కూలికి పోయే ఆడవాళ్లు ఆ పూట వెళ్తే కూలి పోతుంది. దుకాణదారు కోసం సంత సెలవును వెతికి పట్టుకున్నది ఈ దారిలోని మేనేజే. ఆడవాళ్ల కోసం రాత్రి ఏడు గంటలను వెతికింది పస్తాపూర్. పూల తోటల్లో కూడా అలాంటి వేళ ఒకటుంది. కోత అయిపోయి, షెడ్డులో కూర్చుని పూలను పొడవును బట్టి వేరుచేసి కట్టలు కట్టే అరగంట, గంట. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి, అందరూ ఒక్కచోటే ఉంటారు. వారానికోసారి ఏఈఓ మేడం ఆ షెడ్డుకు వచ్చి మందు డబ్బా చేతికిచ్చి త్రికోణం రంగు చదివించవచ్చు. రైతు నేస్తంలో చెప్పిన దాంట్లోంచి ఆ వారం పనికొచ్చే ఐదు నిమిషాల ముక్కను అక్కడే వినిపించవచ్చు. కూలి తెగదు, పని ఆగదు. రాజేంద్రనగర్ నుంచి ఆ షెడ్లకు గంట ప్రయాణం కూడా ఉండదు.